చైనా వెళ్ళిన పిల్ల కబుర్లు ఇంటికి చేరే దారి: వీచాట్ సమీక్ష

మా అక్క కూతురు డిగ్రీ చదువు ముగించుకొని, చైనీస్ భాష నేర్చుకోవాలని యునాన్ రాష్ట్ర రాజధాని కున్మింగ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో చేరింది. తరగతులు జరిగినన్నాళ్ళు అక్కడే ఉంటుంది. సెలవులు ఇచ్చారంటే సంచీ భుజాన వేసుకొని రైలెక్కుతుంది. అక్కా బావగారూ నేనూ టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మానాన్నలు, అంటే ఆ పిల్లకు అమ్మమ్మా తాతయ్యలు, గుంటూరులో ఉంటారు. ఆమెతో చదువుకున్న స్నేహితులు అమెరికా నలుమూలలా ఉన్నారు. ఇంతమందిమీ ఆమె ఎక్కడుందో, ఏం తింటోందో, ఒంట్లో ఎలా ఉందో తెలుసుకుంటున్నది ప్రధానంగా వీచాట్ అనే చైనా సందేశాల యాప్ ద్వారానే. వీచాట్ గురించి వ్యాపారుల కోసమూ పర్యాటకుల కోసమూ రాసిన సమీక్షలు చాలానే కనిపిస్తాయి కాని, పిల్లను అంత దూరం పంపి ఇంటి దగ్గర కూర్చున్నవాళ్ళకు అది ఎంతవరకు పనికివస్తుందన్న సంగతి నాకు ఎక్కడా కనపడలేదు. ఈ సమీక్ష ఆ ఒక్క సంగతికే పరిమితం. ఐదు నక్షత్రాలలో నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో చెప్పడానికే ఎక్కువ చోటు పడుతుంది.

వీచాట్ తప్ప వేరే దారి లేదా అని అడిగేవారి కోసం ముందుగా నేపథ్యం చెప్పాలి. చైనా ప్రధాన భూభాగంలో ఫేస్‌బుక్, యూట్యూబ్ 2009 నుంచి, ఇన్‌స్టాగ్రామ్ 2014 నుంచి, వాట్సాప్ 2017 నుంచి పనిచేయడం లేదు. జీమెయిల్ కూడా తెరుచుకోదు. షెన్‌జెన్ నగరం కేంద్రంగా ఉన్న టెన్సెంట్ సంస్థ 2011 జనవరిలో విడుదల చేసిన వీచాట్‌ను ఇప్పుడు నెలకు 130 కోట్ల మందికి పైగా వాడుతున్నారు. అక్కడ తరగతి గది ప్రకటనలు, హాస్టల్ కరెంటు బిల్లు, కూరగాయల కొట్టు దగ్గర చెల్లింపు, స్నేహితుల పలకరింపు అన్నీ అందులోనే జరిగిపోతాయి. మన పిల్ల ఎలాగూ రోజంతా ఆ యాప్‌లోనే ఉంటుంది గనుక, మనతో మాట్లాడడానికి ప్రత్యేకంగా మరో ఏర్పాటు చేసుకోవాల్సిన అవసరం ఆమెకు ఉండదు. కుటుంబానికి ఇది చాలా పెద్ద సౌకర్యం. పిల్లలు మనకోసం పనిగట్టుకొని వేరే యాప్ తెరవాలంటే మొదటి నెల తెరుస్తారు, ఆ తరువాత మరచిపోతారు.

ఖాతా తెరవడం కొంచెం ఓపికతో కూడుకున్న పని. ఫోన్ నంబరు ఇచ్చాక, ఇప్పటికే వీచాట్ వాడుతున్నవారెవరైనా మన తెరమీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి, మనం నిజమైన మనుషులమేనని ధ్రువీకరించమని అడగవచ్చు. ఒకే మనిషి వరుసగా ఇంట్లో అందరికీ ఈ ధ్రువీకరణ చేయడానికి వీలుండదు కాబట్టి, పిల్ల విమానం ఎక్కేలోగా ఇంటిల్లిపాదీ ఒక్కొక్కరుగా ఖాతాలు తెరిచి పెట్టుకోవడం మంచిది. మా ఇంట్లో బావగారికి ఆయన ఆఫీసులోని చైనీస్ సహోద్యోగి ఒకరు ఆ సాయం చేసి, ‘పిల్ల గురించి దిగులు పడకండి’ అని రెండు మంచి మాటలు కూడా చెప్పారట.

ఇక అసలు విషయం మూమెంట్స్. 2012లో వచ్చిన ఈ భాగంలో ఎవరైనా నాలుగు మాటలు రాసి, వాటి కింద తొమ్మిది ఫొటోల వరకు పెట్టవచ్చు. ఫేస్‌బుక్ తరహాలో కనిపించినా దీని పద్ధతి వేరు. ఒకరు పెట్టిన పోస్టును మరొకరు నొక్కి తమ మిత్రులందరికీ పంచే మీట ఇందులో లేదు. ఎంతమంది చూశారన్న లెక్క కనపడదు. ఒక పోస్టు కింద ఎవరు ఏం రాశారన్నది, వారితో మనకూ స్నేహం ఉంటేనే మనకు కనిపిస్తుంది. అందువల్ల మా అమ్మాయి కున్మింగ్ పచ్చసరస్సు దగ్గర సీగల్ అనే సముద్రపు పక్షుల ఫొటోలు పెట్టినప్పుడు, వాటి కింద మా అక్క రాసినదీ నేను రాసినదీ మాకు కనిపించాయి. ఆమె పంతులమ్మ, తోటి విద్యార్థులు రాసినవి కనిపించలేదు. కాసేపటికి ఆమే అదే పోస్టు కింద ‘అందరికీ కలిపి చెబుతున్నాను: ఇవి సైబీరియా నుంచి చలికాలం గడపడానికి వస్తాయి, రొట్టె ముక్కలు చేతిలో పట్టుకుంటే వచ్చి అందుకొని పోతాయి, నా వేళ్ళు భద్రంగానే ఉన్నాయి’ అని రాసింది. వేరువేరు లోకాలకు చెందిన మనుషులందరికీ ఒకేసారి జవాబు చెప్పడానికి అక్కడివాళ్ళు మామూలుగా అనుసరించే పద్ధతే ఇది. ఆ పక్షులు 1985 నుంచి ఏటా చలికాలంలో కున్మింగ్ వస్తున్నాయట. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆ పూట మా ఇంట్లో అందరం పుస్తకాలూ పటాలూ ముందు వేసుకొని కూర్చున్నాం.

ఈ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఇరవై దాటిన పిల్ల తన స్నేహితులతో ఎలా మాట్లాడుతుందో పిన్నికి తెలియనక్కర లేదు. పిన్ని ఎన్ని జాగ్రత్తలు చెప్పిందో ఆ స్నేహితులకూ తెలియనక్కర లేదు. అమెరికాలో మేమంతా వాడే యాప్‌లలో ఒక అత్తగారు రాసిన వ్యాఖ్య చూసి పిల్లలు ఫొటోలు పెట్టడమే మానుకున్న సందర్భాలు మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. మూమెంట్స్‌లో ఆ ఇబ్బంది చాలా వరకు తొలగిపోతుంది కాబట్టి, పిల్లలు ధారాళంగా పోస్టులు పెడతారు. ధారాళంగా పెడితేనే ఇంటివాళ్ళకు కబుర్లు అందుతాయి. తమ పరిచయస్తులను గుంపులుగా విడదీసి, ఫలానా పోస్టు ఫలానా గుంపుకే కనిపించేలా పెట్టుకోవచ్చు. పాత పోస్టులు మూడు రోజుల వరకో, నెల వరకో, ఆరు నెలల వరకో మాత్రమే కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు. మా అమ్మాయి మాకు చూపించని పోస్టులు తప్పకుండా ఉండి ఉంటాయి. ఉండనివ్వండి.

చూసేవాళ్ళ వైపు నుంచి మరొక గొప్ప మేలు ఉంది. వీచాట్‌లో ‘చివరిసారి ఎప్పుడు చూశారు’ అన్న సమాచారం ఉండదు. మనం పంపిన సందేశాన్ని అవతలివారు చదివారా లేదా అన్నది తెలిపే నీలి గుర్తులూ ఉండవు. వాట్సాప్‌కు అలవాటు పడిన తల్లిదండ్రులకు మొదట్లో ఇది పెద్ద లోపంగా తోస్తుంది. మా అక్కకూ అలాగే తోచింది. కొన్ని వారాలు గడిచాక మాత్రం, ‘చదివి కూడా జవాబు ఇవ్వలేదు’ అన్న బాధ పుట్టడానికే అవకాశం లేకపోవడం ఎంత ప్రశాంతంగా ఉందో ఆమె తనంతట తానే చెప్పింది. టెక్సాస్‌కూ చైనాకూ వేసవిలో 13 గంటలు, చలికాలంలో 14 గంటలు తేడా. ఇక్కడ రాత్రి వంట చేసుకునే వేళకు అక్కడ ఆమె తరగతిలో ఉంటుంది. జవాబు ఆలస్యం కావడం అక్కడ రోజూ ఉండేదే. ఆ ఆలస్యానికి ఇష్టమున్న అర్థాలు తీయడానికి యాప్ మనకు ఆధారాలు ఇవ్వకపోవడమే మేలు.

అయితే మౌనంగా క్షేమం తెలుసుకునే మార్గం ఒకటి ఇందులోనే ఉంది. వీరన్ అనే చిన్న సదుపాయాన్ని ఇరువైపులా ఆన్ చేసుకుంటే, ఆ రోజు మిత్రులలో ఎవరు ఎన్ని అడుగులు నడిచారో వరుస క్రమంలో చూపిస్తుంది. అందరికంటే ఎక్కువ నడిచినవారు పెట్టుకున్న చిత్రం ఆ పట్టిక పైభాగాన కనిపిస్తుంది. అమ్మాయిని అడిగి, ఆమె సరేనన్నాకే మేము దీన్ని వాడుకలోకి తెచ్చుకున్నాం. ఆమె దాలి పట్టణం పక్కనున్న త్సాంగ్‌షాన్ కొండ ఎక్కిన రోజున పట్టిక మీద ఆమె పేరు అందరికంటే పైన ఉంది. ఆ రోజు ఆమె ఒక్క మాట కూడా రాయలేదు, అయినా ఎవరికీ కంగారు కలగలేదు. మరొక రోజు అంకె కొన్ని వందల దగ్గరే ఆగిపోతే, అక్క ‘ఒంట్లో బాగాలేదా తల్లీ’ అని ఒక్క ముక్క రాసింది. నిజంగానే జలుబు చేసి పడుకుందట. ఎలా తెలిసిందని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. అడుగుల పక్కన ఒక హృదయం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే మనం చూశామని ఆమెకు తెలుస్తుంది. మా బావగారు పొద్దున్న కాఫీ తాగుతూ దాన్ని నొక్కుతారు. ప్రశ్న అడగకుండా, జవాబు ఆశించకుండా ‘నిన్ను తలచుకున్నాను’ అని చెప్పడానికి ఇంతకంటే సులువైన పద్ధతి నేను మరే యాప్‌లోనూ చూడలేదు.

రికార్డు చేసి పంపే మాటల విషయానికి వస్తే, ఒక్కొక్క సందేశం 60 సెకన్లకు మించదు. మొదట ఇది తక్కువనిపించినా, ఆ పరిమితి వల్ల మాట సూటిగా ఉంటుంది. మాటల వెనుక వినవచ్చే చప్పుళ్ళ కోసమే నేను ఆ సందేశాలను రెండోసారి వింటాను. రైల్వే స్టేషన్‌లో ప్రకటన, కరెంటు స్కూటర్ల హారన్లు, వేడి పెనం మీద ఏదో చిటపటలాడడం, ఎవరో ముసలావిడ ఆమెను ఏదో అడగడం, ఈ పిల్ల తడుముకుంటూనే చైనీస్‌లో జవాబు చెప్పి మళ్ళీ తెలుగులోకి రావడం. నెలలు గడిచేకొద్దీ ఆ తడుముకోవడం తగ్గిపోవడం మాకు స్పష్టంగా వినిపించింది. తరగతి మార్కుల కంటే అదే మాకు ఎక్కువ సంతోషం కలిగించింది. వీడియో కాల్స్ కూడా నాణ్యంగానే ఉంటాయి. రైలు సొరంగాల్లోకి వెళ్ళినప్పుడు మాత్రం తెగిపోతాయి. చెంగ్డూ నుంచి షియాన్‌కు 2017 డిసెంబరులో ప్రారంభమైన వేగ రైలు మార్గం చిన్‌లింగ్ పర్వతాల కింద సొరంగాల గుండా సాగుతుంది. ఆ ప్రయాణంలో కాల్ చేస్తే మాటల కంటే అంతరాయాలే ఎక్కువ ఉంటాయి కనుక, రైలు దిగాక మాట్లాడుకోవడమే నయం.

ఇక నక్షత్రం తగ్గించడానికి మొదటి కారణం గుంటూరు. భారత ప్రభుత్వం 2020 జూన్ 29న సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తోపాటు వీచాట్ కూడా ఉంది. కాబట్టి మనవరాలి కబుర్ల కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూసే ఇద్దరు పెద్దవాళ్ళకు ఈ యాప్ అందుబాటులో లేదు. వైద్య విద్య కోసం చైనా వెళ్ళిన తెలుగు పిల్లల తల్లిదండ్రులు ఎందరో ఇదే స్థితిలో ఉన్నారు. ఈ సమీక్ష చదివి భారతదేశంలో ఉన్నవారు వీచాట్‌ను ఎలాగో తెచ్చుకొని పెట్టుకోవాలని ప్రయత్నించవద్దని నా మనవి. వారికి ఉన్న మంచి దారులు వేరే ఉన్నాయి, వాటిని కింద చెబుతాను.

మా ఇంట్లో మధ్యవర్తి పని నాది. మూమెంట్స్‌లో ఆమె పెట్టిన ఫొటోలను దించుకొని, ఆమె రాసిన మాటలను అలాగే చేర్చి, గుంటూరు వాట్సాప్ గ్రూపులో పెడతాను. పంపేముందు ఆమెను ఒకసారి అడుగుతాను. అన్నీ అమ్మమ్మకు చూపించాలని ఆమెకు ఉండకపోవచ్చు. మాట రూపంలో వచ్చిన సందేశాలను వీచాట్ నుంచి వాట్సాప్‌లోకి నేరుగా పంపే వీలు లేదు గనుక, ఒక ఫోన్‌లో గుంటూరుకు వాట్సాప్ కాల్ కలిపి, వీచాట్ ఉన్న రెండో ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, దాని పక్కన ఉంచి వినిపిస్తాను. పూర్వం ఊరి నుంచి ఇన్‌లాండ్ లెటర్ వస్తే చదువు వచ్చినవారు అరుగు మీద కూర్చొని అందరికీ చదివి వినిపించినట్టే ఉంటుంది ఈ పని. అమ్మ ప్రతిసారీ ‘అన్నం తింటోందా, మానేసిందా’ అనే అడుగుతుంది. యునాన్‌లో వరి బాగా పండుతుందనీ, మరిగే పులుసులో వేసుకొని తినే బియ్యపు సేమ్యా ఆ ప్రాంతపు ప్రసిద్ధ వంటకమనీ, మన పనీర్‌ను పోలిన మేకపాల జున్నును అక్కడ పెనం మీద వేయించి పెడతారనీ ఫొటోలు చూపించి చెప్పిన తరువాత గాని ఆమె కుదుటపడలేదు.

ఈ మధ్యవర్తిత్వంలో కలిగిన గొప్ప సంతోషం షియాన్ పోస్టు. అమ్మాయి అక్కడ పెద్ద అడవిబాతు గోపురం ముందు నిలబడి తీయించుకున్న ఫొటోను, అది ఒక పాత కట్టడమని తప్ప మరేమీ రాయకుండా పెట్టింది. దాన్ని గుంటూరు పంపిన గంటలోపే నాన్న ఫోన్ చేసి, అది చైనా బౌద్ధ యాత్రికుడు యువాన్‌చాంగ్ (హుయాన్‌త్సాంగ్) భారతదేశం నుంచి తీసుకువెళ్ళిన బౌద్ధ గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టిన గోపురమనీ, ఆ యాత్రికుడు మన ధాన్యకటకం వచ్చి, అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మ గ్రంథాలు చదువుకున్నాడనీ చెప్పారు. ధాన్యకటకమంటే మా ఇంటికి దగ్గరలోనే ఉన్న అమరావతి, ధరణికోట ప్రాంతం. నాన్న చెప్పినదంతా నేను రాసి అమ్మాయికి పంపాను. ఆమె మరునాడు మళ్ళీ ఆ గోపురం దగ్గరకు వెళ్ళి, ఎదుట ఉన్న యువాన్‌చాంగ్ విగ్రహాన్ని ఫొటో తీసి, ‘తాతయ్యా, ఇదిగో మీ ఊరు వచ్చిన ఆయన’ అని రాసి పెట్టింది. ఆ ఫొటో ఇప్పుడు నాన్న ఫోన్ తెరమీద ఉంది. నేరుగా తాతామనవరాళ్ళు మాట్లాడుకోగలిగితే ఇంకెంత బాగుండేదో అనిపించింది.

భారతదేశంలో ఉన్నవారికి పనికివచ్చే దారులు ఇవి. మొదటిది మామూలు ఫోన్ కాల్. చైనా కోడ్ 86 కలిపి నంబరు నొక్కితే ఏ యాప్ అవసరమూ లేకుండా మాట్లాడవచ్చు. ఖర్చు ఎక్కువే కాని నిశ్చింతగా మాట పూర్తవుతుంది. భారతదేశానికీ చైనాకూ తేడా రెండున్నర గంటలే కాబట్టి వేళ కుదుర్చుకోవడం మాకంటే గుంటూరువారికే సులభం. రెండోది పిల్ల దగ్గర చైనా బయట తీసుకున్న సిమ్ ఒకటి రోమింగ్‌లో ఉంచుకోవడం. రోమింగ్‌లో వాడే ఇంటర్నెట్ సాధారణంగా ఆ సిమ్ ఇచ్చిన దేశం మీదుగా నడుస్తుంది గనుక అందులో వాట్సాప్ పనిచేస్తుంది. అయితే ఈ ప్రయాణపు సిమ్‌లు అమ్మేవారిలో తేడాలున్నాయి. మా అమ్మాయి మొదట కొన్న ఒక కంపెనీ ఈసిమ్‌లో (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) ప్రకటనలో ఉన్నంత డేటా రాలేదు, అడిగితే జవాబు కూడా రాలేదు. తరువాత మరొక కంపెనీది తీసుకున్నాక వారానికొకసారి అమ్మమ్మతో వాట్సాప్ వీడియో కాల్ సాఫీగా సాగుతోంది. ఐఫోన్ ఉన్నవారికి ఐమెసేజ్ కూడా చైనాలో పనిచేస్తుంది. అనుమతి లేని వీపీఎన్‌లు, అంటే మూసివేసిన సైట్లను వేరే దారిలో తెరిచే సాధనాలు, అక్కడి చట్టానికి విరుద్ధం కాబట్టి, ఇంటివాళ్ళతో మాట్లాడడం కోసం వాటి మీద ఆధారపడమని నేను ఏ పిల్లకూ చెప్పను.

రెండో కారణం మరింత గంభీరమైనది. వీచాట్‌లో సందేశాలకు ఇరువురి మధ్య మాత్రమే చదవగలిగే పూర్తి రహస్య రక్షణ లేదు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు 2020 మేలో ప్రచురించిన నివేదికలో, చైనా బయట నమోదైన ఖాతాల మధ్య సాగే చిత్రాలూ పత్రాలూ కూడా పరిశీలనకు గురవుతున్నాయనీ, ఆ సమాచారం చైనాలో నమోదైన ఖాతాల మీద అమలయ్యే నియంత్రణకు ఉపయోగపడుతోందనీ తేల్చారు. చైనా నంబరుతో తెరిచిన ఖాతాలకు, విదేశీ నంబరుతో తెరిచిన ఖాతాలకు నిబంధనలు వేరు. అందుకే పిల్ల ఇంకా మన దగ్గర ఉండగానే, ఇక్కడి నంబరుతో ఖాతా తెరిపించడం మంచిది. ఆ నంబరును తరువాత కూడా సజీవంగా ఉంచుకోవాలి, ఎందుకంటే ఫోన్ మార్చినప్పుడు ధ్రువీకరణ కోడ్ దానికే రావచ్చు. మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. పాస్‌పోర్టు నకళ్ళు, బ్యాంకు వివరాలు, డాక్టర్ రిపోర్టులు, రాజకీయాల మీద మాటలు ఏవీ వీచాట్‌లో పంపుకోం. బావగారికి ఏ దేశపు వార్త వచ్చినా వెంటనే నలుగురికీ పంపే అలవాటు ఉంది. ఆయన దాన్ని ఈ ఒక్క చోట పూర్తిగా మానుకున్నారు. అక్కడ చదువుకుంటున్నది మనం కాదు, ఆ పిల్ల. మనం సరదాగా పంపిన ఒక్క చిత్రం వల్ల ఆమెకు ఇబ్బంది కలిగే అవకాశం రవ్వంత ఉన్నా అది పంపకూడదు.

అమెరికాలో ఉన్నవారు గుర్తుంచుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. 2020 ఆగస్టులో వీచాట్‌ను అడ్డుకుంటూ ఇక్కడ కూడా అధ్యక్షుని ఉత్తర్వు వెలువడింది. సెప్టెంబరులో న్యాయస్థానం దాని అమలును ఆపింది. 2021 జూన్‌లో ఆ ఉత్తర్వు రద్దయింది. రెండు దేశాల సంబంధాలు చెడితే ఈ దారి రాత్రికి రాత్రి మూసుకుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకని మామూలు ఫోన్ నంబరు, హాస్టల్ నంబరు, ఆమె నమ్మే ఒక స్నేహితురాలి నంబరు మా ఫ్రిజ్ తలుపు మీద కాగితంపై రాసి పెట్టుకున్నాం.

మూడో కారణం జ్ఞాపకాలకు సంబంధించినది. వీచాట్‌లోని సంభాషణలు ఫోన్‌లోనే నిలువ ఉంటాయి. సంస్థ సర్వర్ నుంచి మళ్ళీ తెచ్చుకునే వీలు ఉండదు. ఫోన్ మార్చేటప్పుడు పాత ఫోన్‌ను కొత్త ఫోన్ పక్కన పెట్టుకొని సంభాషణలను దానిలోకి మార్చుకోవాలి, లేదా ముందుగానే కంప్యూటర్‌లో భద్రపరచుకోవాలి. యాప్‌ను తీసేస్తే అవి పోయినట్టే. మనం తెరవకుండా వదిలేసిన వీడియోలు, ఫైళ్ళు కొన్నాళ్ళకు గడువు తీరి తెరుచుకోవు. ఫొటోలు పంపేటప్పుడు పూర్తి పరిమాణంలో పంపే గుర్తు పెట్టకపోతే నాణ్యత తగ్గి వస్తాయి. ఇరవై ఏళ్ళ తరువాత ఆల్బమ్ చేసుకోవాలనుకుంటే ఆ తేడా తెలుస్తుంది. ముఖ్యమైన మాటల సందేశాన్ని నొక్కి పట్టుకొని ‘ఫేవరెట్స్’లో చేర్చుకుంటే అది నిలుస్తుంది. అక్క ఆదివారం పూట కూర్చొని ఆ వారం వచ్చినవన్నీ వేరే చోటికి దించుకుంటుంది. పిల్ల పెట్టిన మాటలను తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో చేత్తో రాసుకుంటుంది కూడా. ఈ భద్రపరిచే పని యాప్ చేసిపెట్టదని ముందే తెలుసుకొని మొదలుపెట్టినవారికి నష్టం ఉండదు.

చెల్లింపుల గురించి ఇంటివాళ్ళు తెలుసుకోవలసినది ఒక్కటే ఉంది. అక్కడ డబ్బు సంచీ కూడా ఈ యాప్‌లోనే ఉంటుంది. విదేశీ బ్యాంకు కార్డులను కలుపుకొనే సదుపాయం 2023లో బాగా విస్తరించింది; ఒక్కొక్క చెల్లింపు 200 యువాన్ల లోపు ఉంటే అదనపు రుసుము ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. టీ కొట్టు నుంచి బస్సు దాకా అన్నీ ఫోన్‌తోనే కాబట్టి బ్యాటరీ తొందరగా అయిపోతుంది. అది అయిపోతే డబ్బూ ఉండదు, మాటా ఉండదు. సాయంత్రం పూట ఉన్నట్టుండి సందేశాలు ఆగిపోతే మొదట అనుమానించవలసింది దీన్నే. అద్దెకు తీసుకునే పవర్ బ్యాంకులు అక్కడ వీధి వీధినా ఉంటాయి. ఇంటి నుంచి పవర్ బ్యాంకు ఇచ్చి పంపేవారు మాత్రం ఒకటి గమనించాలి: 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాలలో 3సి అనే చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు. మేము ఇక్కడ కొనిచ్చినదాన్ని ఆమె హాస్టల్లోనే వదిలి, అక్కడ గుర్తు ఉన్నది కొనుక్కుంది.

ఇన్ని లోపాలు చెప్పాక కూడా నాలుగు నక్షత్రాలు ఎందుకంటే, పిల్లను మాటిమాటికీ ప్రశ్నించకుండా ఆమె బతుకును ఆమె చూపించినంత మేర చూస్తూ ఉండే వీలు ఈ యాప్‌లో ఉంది. చైనా బయట, భారతదేశం బయట ఉన్న కుటుంబానికి నేను దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. భారతదేశంలో ఉన్నవారు రోమింగ్ సిమ్‌కు డబ్బు పెట్టడమే సరైన పని. రహస్యంగా ఉంచవలసిన విషయాలు ఎక్కువగా మాట్లాడుకోవలసిన వారికి, ఉదాహరణకు దీర్ఘకాల వైద్యం తీసుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు, ఇది ఒక్కటే చాలదు.

వచ్చే సెలవుల్లో మా అమ్మాయి లాన్‌జౌ నగరం మీదుగా దున్‌హువాంగ్ బౌద్ధ గుహలు చూడడానికి వెళ్తానంటోంది. టికెట్లు ప్రయాణానికి 15 రోజుల ముందు రైల్వే యాప్ 12306లో విడుదలవుతాయి. అవి దొరికాక రైలు నంబర్లు, బస చేసే చోట్ల పేర్లు మాకు మెయిల్‌లో పంపుతుంది. దారిలో ఆమెకు తోచినప్పుడు మూమెంట్స్‌లో పెడుతుంది, రాత్రి అడుగుల పట్టికలో మేము చూసుకుంటాం, ఆదివారం అమ్మమ్మకు వాట్సాప్‌లో కాల్ చేస్తుంది. దున్‌హువాంగ్‌లో ఏ గుహలో ఏముందో నాన్న ఇప్పటికే పుస్తకాలు తీసి చదువుతున్నారు.